ఉడికించిన స్పాంజి

టకటక అసలు పేరుతో వాళ్ల అమ్మకు తప్ప ఎవరికీ పని లేదు. కత్తిరించడానికి జుట్టున్నా లేకపోయినా అతని చేతిలో కత్తెర ఊరుకోదు, గాలిని కత్తిరిస్తూనే ఉంటుంది. ఆ చప్పుడు విని సెలూన్‌కు వచ్చేవాళ్లు పెట్టిన పేరది. మనిషీ అంతే. కూర్చుంటే లేస్తాడు, లేస్తే తుడుస్తాడు, తుడిచిందే మళ్లీ తుడుస్తాడు. పని చేయనివాడితో వేగొచ్చు గానీ పని ఆపలేనివాడితో వేగలేమని వాళ్ల వదిన అంటుంది. ఆ మాటను కాదనడానికి ఆధారాలేమీ లేవు.

సెలూన్‌లో కుర్చీలు రెండు. కిటికీ పక్కది అన్నయ్యది. గడ్డం గీయించుకోవాలంటే ఆ కుర్చీ ఖాళీ అయ్యేదాకా పాత పేపరు తిరగేస్తూ కూర్చుంటారు జనం. రెండో కుర్చీ టకటకది. దానిలోకి వచ్చేది ఏడ్చే పిల్లలు, బస్సుకు వేళయిన పెద్దలు. పన్నెండేళ్లుగా ఇదే వరస. సెలూన్ ఎప్పటికైనా తన చేతికి వస్తుందా అని ఒకసారి ఉండబట్టలేక అడిగేశాడు కూడా. "నీ చేతికి ఓపిక లేదురా," అని ఊరుకున్నాడు అన్న.

తర్వాత కొన్నాళ్లకు అన్న కుడిచేతి వేళ్లు తిమ్మిరెక్కడం మొదలైంది. మణికట్టు దగ్గర నరానికి ఆపరేషన్ చేయాలన్నారు. పక్క ఊరి ఆసుపత్రికి బయల్దేరుతూ అన్న సెలూన్ మూలనున్న చేపల తొట్టి దగ్గర ఆగాడు. అందులో నాలుగు గోల్డ్ ఫిష్‌లు. వాటికి మేత వేయడం కూడా అతను ఇంకొకరికి అప్పగించేవాడు కాదు.

"ముందు వీటిని చూసుకో. నేనొచ్చేసరికి బతికుంటే సెలూన్ సంగతి అప్పుడు మాట్లాడుకుందాం," అన్నాడు.

నవ్వుతూనే అన్నాడు. టకటకకు మాత్రం నవ్వు రాలేదు.

అన్న వీధి మలుపు తిరిగాడో లేదో, తమ్ముడు చొక్కా చేతులు మడిచాడు. నీళ్లన్నీ తోడి పారబోశాడు. గులకరాళ్లను ఒక్కొక్కటిగా తోమాడు. ఫిల్టరులోంచి స్పాంజి బయటికి తీస్తే గోధుమరంగు జిగురు కారింది. అతనికి ఒళ్లు జలదరించింది. అన్న ఇంత మురికిని చేపలకు ఎలా పెట్టాడా అనుకున్నాడు. సెలూన్‌లో శుభ్రం చేయాల్సిన ప్రతి వస్తువుకూ ఒక పద్ధతుంది: దువ్వెనలను మందునీళ్లలో నానబెడతారు, బ్లేడు మారుస్తారు, తువ్వాళ్లను ఉడికిస్తారు. స్పాంజి మెత్తగా ఉంది కాబట్టి తువ్వాలు కిందే లెక్క. ఉడికించేశాడు. చల్లారాక పిండి చూస్తే కొత్తదానిలా ఉంది. కుళాయి నీళ్లు నింపి, చేపల్ని వదిలి, అద్దం తుడిచి, ఇక అన్న వచ్చి చూడటమే తరువాయి అనుకున్నాడు.

రెండు మూడు రోజులు చేపలు బాగానే తిరిగాయి. తర్వాత నాలుగూ పైకి చేరి, నోళ్లు తెరిచి గాలి కోసం ఎగబడటం మొదలుపెట్టాయి. మొప్పలు ఎర్రబడ్డాయి. తెల్ల చుక్కల చిన్నది ఒక పక్కకు ఒరిగిపోతోంది.

టకటక కాలుగాలిన పిల్లి అయ్యాడు. కుర్చీలో తపాలా ఆయన సగం గడ్డంతో, మిగతా సగం నురగతో కూర్చుని ఉంటే, ఇతను తొట్టికీ కుర్చీకీ మధ్య తిరుగుతున్నాడు.

"బాబూ, నా రెండో చెంప ఇవాళే గీస్తావా?" అని అడిగాడాయన.

"ఒక్క నిమిషమండీ," అన్నాడు టకటక, ఫోన్ తీస్తూ.

ఫోన్‌లో చేపలు పెంచేవాళ్ల గుంపు ఒకటుంది. అన్నే ఎప్పుడో అతన్ని అందులో చేర్చాడు. చిక్కల్లా అదే. అన్న ఇప్పుడు కట్టు కట్టిన చేత్తో మంచం మీద ఖాళీగా ఉన్నాడు, ఆ గుంపు చూస్తూనే ఉంటాడు. కడిగిన సంగతి తెలిస్తే సెలూన్ మాట మళ్లీ ఎత్తడు. అందుకని టకటక ఏదో ఊరూ పేరూ లేని ఖాతా తెరిచి రాశాడు: "నేనేమీ చేయలేదు. ఉన్నట్టుండి చేపలకు జబ్బు చేసింది. దయచేసి సాయం చేయండి." ఫోటో అడిగితే, గోడలూ అద్దాలూ పడకుండా తొట్టికి ఫోన్ ఆనించి తీసి పెట్టాడు.

ఇక చూడాలి సలహాలు. ఒకాయన ఉప్పు వేయమన్నాడు. వేస్తే ఉప్పుచేపలవుతాయన్నాడు ఇంకొకాయన. నీళ్లు వేడి చేయమన్నారు, చల్లబరచమన్నారు, తొట్టికి గుడ్డ కప్పమన్నారు. ఇంకెవరో దిష్టి తగిలిందన్నారు. తెలివున్నవాడైతే ఒకదాన్ని ఎంచుకుంటాడు. మన టకటక అన్నీ చేశాడు. సాయంత్రానికి తెల్ల చుక్కల చేప వెల్లకిలా తేలింది.

దాన్ని అరచేతిలోకి తీసుకున్నప్పుడు అతనికి సెలూన్ గుర్తు రాలేదు. గోరంత ప్రాణం, తన చేతిలో పోయిందని బాధేసింది, అంతే. తెల్ల చుక్కలది పోయిందని గుంపులో రాశాడు.

అంతలో గుంపులో ఇంకో మాట వచ్చింది. పేరుకు బదులు టీకప్పు బొమ్మ పెట్టుకున్న ఒకావిడ రాసింది: "తమ్ముడూ, ఒకటి అడుగుతా, కోప్పడకు. తొట్టి కడిగి ఎన్నాళ్లయింది?"

"చాలా రోజులైంది అక్కా," అని రాశాడు.

"డాక్టరు దగ్గరా లాయరు దగ్గరా అబద్ధం చెప్పకూడదంటారు. నేను రెండూ కాదనుకో. కానీ ఫోటోలో రాళ్లు తళతళలాడుతున్నాయి. నిజం చెప్పకపోతే మిగతావీ పోతాయి. నీ ఇష్టం."

ఆవిడకు విడిగా చెబుదామని చూశాడు. చాటు సందేశాలు చదవనని ఆవిడ ముందే రాసిపెట్టుకుంది. ఫోన్ బల్ల మీద పెట్టాడు, తీశాడు, పెట్టాడు. గుంపులో చెబితే అన్న చూస్తాడు. చెప్పకపోతే ఆ మూడూ పోతాయి. మూడు నోళ్లు నీటి అంచున తెరుచుకుంటున్నాయి, మూసుకుంటున్నాయి. చూడలేకపోయాడు. దొంగ ఖాతా మూసేసి, సొంత ఖాతాలోంచి, సొంత పేరుతోనే రాశాడు: "నేనే కడిగాను. నీళ్లన్నీ మార్చాను. స్పాంజిని తువ్వాళ్ల గిన్నెలో ఉడికించాను. మా అన్నయ్య చేపలివి. ఆయన తప్పేం లేదు."

టీకప్పావిడ తిట్టలేదు. ఆ జిగురులో ఉండే కంటికి కనిపించని జీవులే చేపల మలినాన్ని తినేస్తాయనీ, వాటిని ఉడికించేశాడు కాబట్టి ఇప్పుడు నీళ్లే విషమయ్యాయనీ చెప్పింది. ఉప్పూ వేడీ గుడ్డా అన్నీ ఆపమంది. మేత వేయొద్దంది. క్లోరిన్ పోయేలా నిన్నే పట్టి ఉంచిన నీళ్లు ఏవైనా ఉంటే వాటితో సగం మార్చమంది. తువ్వాళ్లకని పట్టిన పీపా ఉంది, మార్చాడు. "ఇప్పుడు ఎవరి తొట్టిలోంచైనా మురికి స్పాంజి ముక్క తెచ్చి వేయి. కడిగావంటే ఊరుకోను. తర్వాత చేతులు కట్టుకుని కూర్చో," అంది.

నాలుగు వీధుల అవతల కళ్లజోళ్ల షాపులో తొట్టి ఉంది. షాపాయన ఒకటికి రెండుసార్లు అడిగాడు, "శుభ్రంగా ఉన్నది వద్దా?" అని. టకటక ఆ జిగురు ముక్కను ప్లాస్టిక్ డబ్బాలో పట్టుకుని, జీవితంలో మొదటిసారి మెల్లగా నడిచాడు. ముక్క వేశాక చేయాల్సింది ఏమీ లేదు. అతనికి అంతకంటే కష్టమైన పని ఇంకోటి లేదు.

మర్నాడు మధ్యాహ్నానికి మూడు చేపలూ అడుగుకు దిగి మామూలుగా ఈదసాగాయి. అతను ఊపిరి పీల్చుకుంటుండగా ఫోన్ మోగింది. అన్న.

"చిన్నది పోయిందటగా."

"పోయిందన్నయ్యా. నా వల్లే."

"మొదటి ఫోటోలోనే పోల్చుకున్నాను. మన చేపల్ని నేను గుర్తుపట్టనా?"

"మరి అప్పుడే ఫోన్ చేసి తిట్టొచ్చుగా."

"చేస్తే అబద్ధం చెప్పేవాడివి." అన్న గొంతు తగ్గించాడు. "నేనూ ఒకటి దాచాను. మీ వదినకు కూడా చెప్పలేదు. వేళ్లలోకి పట్టు రాదంటున్నాడు డాక్టరు. గ్లాసు పట్టుకోగలనట. కత్తి పట్టలేనట."

టకటక ఖాళీగా ఉన్న కిటికీ పక్క కుర్చీ వైపు చూశాడు.

"రేపటి నుంచి నా కుర్చీలోకి వచ్చేవాళ్లకు కూడా నువ్వే చెయ్యి. సెలూన్ నీదే."

పన్నెండేళ్లుగా వినాలనుకున్న మాట అది.

"వద్దన్నయ్యా," అన్నాడు టకటక. "నువ్వు రా, చాలు."

అవతల నుంచి వెక్కిళ్లు వినిపించాయి. అన్న ఏడుస్తున్నాడని అర్థమై, కత్తెర బల్ల మీద పెట్టి, ఫోన్ చెవికి ఆనించుకుని అలాగే నిలబడ్డాడు.