నందికొండ క్లబ్బులో సీసాల ఆట ఆగిపోయిన తీరు

నందికొండ ఆనకట్ట గురించి రాసినవాళ్ళు చాలామంది ఉన్నారు. రాళ్ళు మోసినవాళ్ళ గురించి రాశారు, మునిగిన ఊళ్ళ గురించి రాశారు. మంచిదే. కానీ అక్కడి క్యాంపులో బౌలింగ్ అనే ఆట ఒకటి మొదలై, పోటీ ఆటగా నిలబడబోయి, నిలబడకుండా పోయిందని ఎవరూ రాయలేదు. నన్ను అడిగితే చెప్పేవాణ్ణి. ఇన్నేళ్ళలో ఒక్కరూ అడగలేదు. పాతవాళ్ళంతా ఒకసారి హుజూర్‌నగర్‌లో కలిసినప్పుడు నేనే ఎత్తుకున్నాను. నోరు తెరిచానో లేదో, "వడ్డన అవుతాంది, లేవుండ్రి" అన్నారు. వడ్డన మొదలు కావడానికి ఇంకా గంట పట్టింది. అది కూడా నాకు గుర్తుంది.

అరవైల మొదట్లో నేను అక్కడ ఒక కంట్రాక్టు కంపెనీ స్టోర్సులో గుమాస్తాను. మాది పాలమూరు వైపు నేతపని చేసే ఇల్లు. కంపెనీకి క్రేన్లు బిగించడానికి వచ్చిన ఒక విదేశీ ఇంజనీరు పొద్దు గడవక, క్లబ్బు వెనకాల ఉన్న పొడుగాటి రేకుల గదిలో టేకు బల్లలు పరిపించి బౌలింగ్ బాట వేయించాడు. బాటకు ఒక చివర పది కట్టె పిన్నులు ముక్కోణంగా నిలబెడతారు. అవి చూడడానికి సీసాల్లా ఉండేవి కాబట్టి అందరం సీసాలనే అన్నాం. రెండో చివర గీత దాటకుండా నిలబడి బరువైన నల్లటి బంతిని దొర్లించి వాటిని పడగొట్టాలి. బంతి ఆయన తన దేశం నుంచి తెచ్చుకున్నాడు. సీసాలను మా వడ్రంగి మేస్త్రీ చిత్రిక పట్టి చేశాడు. ఆయన చేసిన సీసాకూ విదేశీ సీసాకూ తేడా లేదని ఆ ఇంజనీరే అన్నాడు.

ఇంజనీరు పని ముగించుకుని వెళ్ళిపోతూ బంతిని క్లబ్బుకు వదిలి వెళ్ళాడు. అప్పటికి ఆ ఆట నాకు బాగా పట్టుబడింది. మిగతావాళ్ళకు లెక్క దగ్గరే అనుమానం. మొదటి బంతికే పదీ పడితే, తర్వాత వేసే రెండు బంతులకు పడ్డవి కూడా ఆ మొదటి దాని లెక్కలోనే కలుపుతారు. "రేపు పడేటియి ఇయ్యాల్టి దాంట్ల కలుపుతరా? గిదేం లెక్క, నీకు గెలుపు కావాలని నువ్వే పుట్టించినవా?" అని స్టోర్సులో వాళ్ళు నన్ను నిలదీసేవాళ్ళు.

క్లబ్బు సెక్రటరీ కోస్తా నుంచి వచ్చిన ఇంజనీరు. ఆయనకూ ఈ ఆట వచ్చు, నా అంత కాదు. నేను బంతి వేస్తుంటే ఒకరోజు అందరి ముందూ, "ఏంటండీ, మగ్గం మీద నాడె విసిరినట్టు విసురుతున్నారు!" అన్నాడు. అందరూ నవ్వారు. ఆ బంతికి పదీ పడ్డాయి. అది మాత్రం ఎవరూ చూడనట్టే ఉన్నారు.

కంపెనీకి ఏటా క్రీడోత్సవం ఉండేది. వాలీబాల్‌కూ కబడ్డీకీ కప్పులు ఇచ్చేవారు. సీసాల ఆటను కూడా అందులో చేర్చమని నేను సెక్రటరీ వెంట పడ్డాను. ఆయన చివరికి ఒప్పుకున్నాడు. "దసరా తర్వాత ఫైనల్ ఆడిద్దామండీ. కంపెనీ పెద్దవాళ్ళు వచ్చి చూస్తారు. పోటీగా పనికొస్తుందని వాళ్ళకు తోస్తే పక్క క్యాంపుల్లో కూడా బాటలు వేయిస్తారు. లేకపోతే కాలక్షేపం కింద లెక్క" అన్నాడు. ఆ ఒక్క ఫైనల్ మీదే ఆట బతుకు ఆధారపడింది. ముందు ఆటల్లో మిగతావాళ్ళు ఓడిపోగా ఫైనల్‌కు మిగిలింది ఆయనా నేనూ.

దసరా వచ్చింది. ఆయుధపూజ నాడు క్యాంపులో క్రేన్ నుంచి సుత్తె దాకా అన్నిటినీ కడిగి బొట్లు పెట్టారు. సాయంత్రం క్లబ్బు వెనక్కి వెళితే, పది సీసాలూ పసుపు పూసుకుని, కుంకుమ బొట్లతో, మెడలో బంతిపూలతో పేరంటానికి వచ్చినట్టు నిలబడి ఉన్నాయి. నా కాలి కింద బాట మెత్తగా తగిలింది. మేస్త్రీ బిందెలతో నీళ్ళు గుమ్మరించి బాటంతా కడిగేశాడు.

"కడుగుమని నీకెవరు చెప్పిండ్రు మేస్త్రీ?" అన్నాను.

"ఎవరు చెప్పాలె సారూ? కడగకుంట బొట్టు పెడితె అది పూజెట్లయితది? గీ సీసాలు నేను చేసినయే గద. అన్నిటికి చేసి వీటిని ఇడిస్తె మంచిగుంటదా?"

"కట్టె ఉబ్బదా?"

"ఉబ్బుతది. ఆరుతది గూడ. తలుపులు, కిటికీలు తెరిచి పెట్టుండ్రి, గాలి ఆడనియ్యిండ్రి. ఆరినంక నేను జర చిత్రిక పట్టిస్త. ఫికర్ చెయ్యకుండ్రి."

మేస్త్రీ మీద నాకు అనుమానం లేదు. అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. భక్తితో చేసిన పొరపాటు అది, దిద్దుకోగలిగిన పొరపాటు. తలుపులూ కిటికీలూ బార్లా తెరిచి ఇంటికి వెళ్ళాను. తెల్లవారి వచ్చి చూస్తే అన్నీ మూసి ఉన్నాయి. తలుపుకు తాళం.

సెక్రటరీని అడిగాను. "తాళంచెవి మన క్లబ్బు మేనేజరు గారి దగ్గర ఉండిపోయిందండీ. ఆయన పండక్కి హైదరాబాదు వెళ్ళారు. నేనేం చేయను?" అన్నాడు.

"మరి తాళం ఎవరు ఏసిండ్రు సార్? మేనేజర్ సార్ పండుగకు ముందే పోయిండు గదా."

"అదేమిటండీ, పోలీసులా అడుగుతున్నారు" అని నవ్వి, చేతిలో పేపరు తిరగేశాడు.

నేను రోజూ ఆ గది చుట్టూ తిరిగాను. మేస్త్రీ కూడా రెండుసార్లు చిత్రిక పట్టుకుని వచ్చి తాళం చూసి వెనక్కిపోయాడు. ఒకరోజు కిటికీ సందులోంచి చూస్తే లోపల, బాట మీదనే, పేకాట బల్లలు దొంతర పెట్టి ఉన్నాయి. పండుగ నాడు అవి అక్కడ లేవు. తాళంచెవి లేని గదిలోకి బల్లలు ఎలా నడిచి వెళ్ళాయి? ఇంటికి వచ్చి ఆ మాటే అంటే మా ఆవిడ బియ్యం చెరుగుతూ, "కట్టెలు పడగొట్టేటందుకు గింత పంతమా? అన్నం తినవు, పండవు. నీ బంతి ఏమన్న అన్నం పెడతదా?" అంది. ఆమెకైనా చెప్పగలిగాను కాని ఒప్పించలేకపోయాను.

ఫైనల్ రోజు పొద్దున తలుపు తెరుచుకుంది. తాళంచెవి ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పినవాడు లేడు. పేకాట బల్లలు బాట మీంచి తీసి గోడకు చేర్చి ఉన్నాయి. గాలి లేక బాట టేకు బల్లలు బూజు పట్టాయి, బాట నడుమ వీపులా లేచింది, మేకులు పైకి తేలాయి. పెద్దవాళ్ళు కుర్చీల్లో కూర్చున్నారు. నేను మొదటి బంతి వేశాను. అది ఆ మిట్ట ఎక్కి, ఎగిరి, గురి తప్పిన బంతి కోసం బాట పక్కన తీసిన కాలువలో పడింది. రెండోదీ అంతే. వాళ్ళు కడుపుబ్బ నవ్వారు. ఒకాయన, "ఇది ఆటా, సర్కసా?" అని కూడా అన్నాడు.

సెక్రటరీ వంతు వచ్చింది. ఆయన బంతి ముట్టుకోలేదు. "ఇలాంటి బాట మీద ఆడడం నా వల్ల కాదండీ. గెలుపు మీదే, తీసుకోండి" అని చేతులు జోడించాడు.

"ఆడకుంట గెలుపెట్లయితది సార్? బాట బాగు చేయించుండ్రి, పది దినాలు ఆగి ఆడుదాం."

"గెలిచినా సంతోషం లేదే మీకు!" అన్నాడు. మళ్ళీ నవ్వులు. కప్పు నా చేతిలో పెట్టబోతే నేను తీసుకోలేదు. అది పొగరని క్యాంపంతా చెప్పుకున్నారు. పెద్దవాళ్ళు మాత్రం, ఈ ఆట మన వాతావరణానికి నిలవదు, క్రీడోత్సవంలో అక్కర్లేదు అని తేల్చి లేచిపోయారు. వాతావరణం తాళం వేస్తుందా? కొద్దిరోజులకే బాట ఊడదీశారు. ఆ గదిలో పేకాట బల్లలు వేశారు. మొదటి ఆటకు కూర్చున్నవాళ్ళలో సెక్రటరీ ఉన్నాడు. ఆయన అలా కూర్చోవడం నేను కళ్ళారా చూశాను.

ఈమధ్య మా తమ్ముడి కొడుకు నన్ను హైదరాబాదులో ఒక పెద్ద బజారు భవనానికి తీసుకుపోయాడు. అక్కడ వరసగా బాటలున్నాయి. సీసాలను యంత్రమే నిలబెడుతుంది, లెక్క కూడా యంత్రమే చేస్తుంది. బంతి కాలువలో పడకుండా పిల్లలకు పక్కన కమ్మీలు లేపుతున్నారు. పడే బంతిని పడనీ, పడకపోతే ఆట ఏమిటి? చెవులు పగిలే పాటల మధ్య అక్కడ పనిచేసే పిల్లవాణ్ణి అడిగాను, ఇక్కడ పోటీలు జరుగుతాయా అని. "బర్త్‌డే పార్టీలైతయి అంకుల్" అన్నాడు. మా వాడు ఆడి వచ్చి, ఎన్ని పడ్డాయంటే చూసుకోలేదన్నాడు. ఆట ఉంది. గెలవాలని ఆడేవాడు కనబడలేదు. ఎక్కడో కొందరు పట్టుదలగా ఆడుతున్నారట, వాళ్ళను పట్టించుకునేవాళ్ళు లేరట. నాకేమీ కొత్తగా అనిపించలేదు. వాళ్ళ తలుపు ముందు కూడా ఎవరో ఒకరు నవ్వుతూ నిలబడే ఉంటారు.

నాలుగు క్యాంపుల్లో నాలుగు బాటలు పడి ఉంటే ఈ జిల్లాలో ఆ ఆటకు ఒక తరం ఆటగాళ్ళు తయారయ్యేవాళ్ళని నా నమ్మకం. కాదనేవాళ్ళు కాదనవచ్చు. కానీ సెక్రటరీ గారూ, మీరు ఇంకా ఉన్నారని, కాకినాడ వైపు కొడుకు దగ్గర ఉంటున్నారని విన్నాను. కప్పు అడగడం లేదు, క్షమాపణా అడగడం లేదు. ఆయుధపూజ నాటి రాత్రి ఆ తలుపుకు తాళం ఎవరు వేయించారు? మీరైతే మీరని చెప్పండి, కాకపోతే ఎవరో చెప్పండి. ఈసారి పేపరు తిరగేయకుండా చెప్పండి.