ఎస్తేరు బోరుమన్ను సీసా

మొన్న బుధవారం మా స్కూల్లో పాత బోరుకి ఫ్లషింగ్ చేయించారు. ఎనిమిదో తరగతి కిటికీ పక్కనే కంప్రెసర్ లారీ నిలబడి బోరులోకి గాలి కొడుతుంటే, ఏళ్ళ తరబడి లోపల పేరుకున్న బురదంతా పైకి చిమ్మి, తడిసిన రాతిపొడి వాసన గదంతా నిండిపోయింది. పిల్లలు ముక్కులు మూసుకున్నారు. నేను మాత్రం పాఠం ఆపి గట్టిగా పీల్చుకున్నాను. తొలకరికి మట్టి వేసే వాసన అందరికీ తెలుసు, ఇది అది కాదు. చల్లగా, కొంచెం ఇనుప వాసనతో, ఎండ మొహం ఎన్నడూ చూడని రాయి వాసన. నా చిన్నప్పుడు ఈ వాసన నా నేస్తం ఎస్తేరు పావడాలోంచి వచ్చేది.

ఆ రోజు పాఠం కణం. గోడ మీది డిజిటల్ ప్యానెల్లో ఉల్లిపొర కణాలు అరచేయంత కనిపిస్తున్నాయి, వేలితో లాగితే ఇంకా పెద్దవవుతున్నాయి. ఒక జట్టు పిల్లలు మైదాపిండి ముద్దతో కణం చేసి, చొక్కా బొత్తాన్ని కేంద్రకంగా గుచ్చుతున్నారు. ఇంకో జట్టు కణకవచం మీద పాట కట్టి, బెంచీ మీద దరువు వేస్తూ ట్యాబులో రికార్డు చేసుకుంటున్నారు. ఇవన్నీ చేయించే టీచర్ని నేనే. అయినా దాచడానికేముంది, ఈ పిల్లల్ని చూస్తే నాకు కుళ్ళు. పాఠం చెప్పేవాళ్ళకు ఉండకూడని గుణమే, కానీ ఉంది. ఒక పిల్ల మైక్రోస్కోపులో అర నిమిషం చూసి "ఇంతేనా టీచర్" అని లేచిపోతే, జడ పట్టుకుని మళ్ళీ కూర్చోబెట్టాలనిపిస్తుంది. అందులో ఒక్కసారి కన్ను పెట్టడం కోసం నేనేం చేశానో ఆ పిల్లకు తెలియదు.

మా ఊరు అనంతపురం జిల్లాలో, కంబదూరుకి ఐదు మైళ్ళు. మా నాయనకు ఊళ్ళో చిల్లర అంగడి ఉండేది. వానాకాలం అని పేరే గానీ, ఆకాశం వంక చూడటమే ఆ కాలంలో మా పని. మా అవ్వ రోజూ సాయంత్రం అరుగు మీద కూర్చుని, నోట్లో వక్క నములుతూ, "కళ్యాణదుర్గం పక్క మెరుస్తాంది, మన పక్కకు రాదులే" అనేది, అన్నట్టే రాకుండా పోయేది. వాన వచ్చిన ఏడు మాత్రం ఊరంతా చెనిక్కాయల వాసనే. పచ్చి వేరుశనగకాయలు ఉప్పేసి ఉడకబెట్టిన కుండల దగ్గర పిల్లలం గుంపుగా కూర్చుని, వేళ్ళు కాలుతున్నా ఆగలేక, తొక్కలు ఒళ్ళోనే వేసుకుంటూ తినేవాళ్ళం. దసరాకి మా ఇంట్లో ఓళిగలు, అదే బొబ్బట్లు, చేసేవాళ్ళు, నేతిలో తడిపి. అవి కాగితంలో చుట్టుకుని బడికి తీసుకుపోయి ఎస్తేరుకి పెట్టి, దానికి బదులు ఆమె తెచ్చిన జొన్నరొట్టె, ఊరుబిండి పచ్చడి నేను తినేదాన్ని. ఆ మార్పిడిలో ఎవరికి లాభమో ఇద్దరికీ తేలలేదు.

మా సైన్సు పాఠానికి సామాను ఒక ఇనుప పెట్టెలో ఉండేది. దాని తాళంచెవి సైన్సు సారు జంధ్యానికి కట్టుకునేవారు. తనిఖీకి పెద్దవాళ్ళు వచ్చినప్పుడు మాత్రం పెట్టె తెరిచి, గాజు గొట్టాలు బల్ల మీద వరుసగా పేర్చి, వాళ్ళు వెళ్ళాక గుడ్డలో చుట్టి లోపల పెట్టేసేవారు. పగిలితే మళ్ళీ ఎవరిస్తారని ఆయన భయం. మంచివారే పాపం, రంగు సుద్దలతో నల్లబల్ల మీద ఉల్లిపొర బొమ్మ వేస్తే ఇటుకల గోడలా ఉండేది, ఒక్కో ఇటుకలో ఒక్కో చుక్క. "నిజంగా ఇట్లే ఉంటుందా సార్" అని నేనడిగితే, "మైక్రోస్కోపులో సూడల్ల. మన పెట్టెలో అది లేదమ్మా" అన్నారు. ఆ రాత్రి నుంచి ఆ పేరు నన్ను పట్టుకుంది. కొత్త పావడా వద్దు, పండగ వద్దు, దాంట్లో ఒక్కసారి కన్ను పెడితే చాలు.

ఎస్తేరు మా ఊరికి ఆ చివర చర్చి వీధిలో ఉండేది. వాళ్ళ నాయన బోరు లారీలో కూలి. లారీ ఏ ఊళ్ళో ఉంటే ఆయన ఆ ఊళ్ళో ఉండేవాడు, పది రోజులకోసారి ఇంటికి వచ్చేవాడు, తలవెంట్రుకల నుంచి కాలివేళ్ళ దాకా తెల్లగా దుమ్ము కొట్టుకుని. బోరు వేసేచోట ఒక పద్ధతి ఉంది. ఒక్కో రాడ్డు దిగేకొద్దీ పైకొచ్చే పొడిని ఒక్కో కుప్పగా, వరుసగా పోస్తారు. మొదట ఎర్రమన్ను, తర్వాత పసుపు గరుసు, తర్వాత తెల్ల సుద్దలాంటిది, ఆ కింద బూడిదరంగు, ఆఖరికి నల్లరాతి పొడి. పొలం ఆసామి ఆ కుప్పల పక్కన గొంతుక్కూర్చుని, ఒక్కోదాంట్లోంచి చిటికెడు తీసి, వేళ్ళ మధ్య నలిపి, తడి తగులుతుందేమోనని చూస్తాడు. వాళ్ళ నాయన కూతురి కోసం ఆ కుప్పల్లోంచి పొట్లాలు కట్టి తెచ్చేవాడు. వాటిలో వచ్చిన రాతిముక్కల్ని ఆమె పావడాలో పోసుకుని తెస్తే, వాటితోనే మేం అచ్చనగండ్లు ఆడేవాళ్ళం.

మేం ఎనిమిదిలో ఉండగా కంబదూరులో సైన్సు ఎగ్జిబిషన్ పెట్టారు. ఒక్కొక్కరు సొంతంగా ఏదైనా చేసి తేవాలి, గెలిచినవాళ్ళను అనంతపురం తీసుకుపోతారు, అక్కడ కాలేజీలో మైక్రోస్కోపు చూపిస్తారు అని సారు చెప్పారు. నాకు అన్నం సహించలేదు. నాయన వెంటపడి అనంతపురం నుంచి థర్మాకోలు, రంగులు, చిన్న ఎర్రబల్బు తెప్పించుకుని అగ్నిపర్వతం చేశాను. వంటసోడా మీద నిమ్మరసం పోస్తే నురగ పొంగేది. వీధి వీధంతా వచ్చి చూసింది. ఇక అనంతపురం బస్సెక్కడమే తరువాయి అనుకున్నాను, ఎస్తేరు సీసా చూసేదాకా.

అది వెడల్పు మూతి గాజుసీసా, మా అంగట్లో పిప్పరమెంట్లు పోసి పెట్టుకునేది, పాతదని అవ్వే ఆమెకిచ్చింది. అందులో ఆమె వాళ్ళ నాయన తెచ్చిన పొడులన్నీ అంచులంచులుగా పోసి, పుల్లతో అదిమి, మూత దాకా నింపింది. ఎరుపు, పసుపు, తెలుపు, బూడిద, నలుపు. అంత అందమైన వస్తువు నేనప్పటికి చూడలేదు. నా థర్మాకోలు కొండ ఒక్కసారిగా పెళ్ళిపందిరి కాగితంలాగా అనిపించి, కడుపులో మండింది. ఆ మంటలోనే కనిపెట్టాను. ఎర్రమన్ను అడుగున ఉంది, నల్లరాయి పైన ఉంది. బోరు దగ్గర కుప్పలు ఏ వరుసలో పోస్తారో ఆ వరుసలోనే ఆమె సీసాలో పోసింది. ముందొచ్చింది ముందు. భూమి తలకిందులైపోయింది.

"ఎట్లుండాది మే?" అంది ఎస్తేరు, పావడాతో సీసా తుడుస్తూ.

చెప్పడానికి నోరు తెరిచాను. విప్పి మళ్ళీ పోసుకోవడానికి ఇంకా రెండు రోజులున్నాయి. "బాగుండాది" అన్నాను.

ఎగ్జిబిషన్ రోజు సారు సైకిలు క్యారేజీ మీద నా కొండను కట్టారు. మేం ఆరుగురం వెనకాల నడిచాం, ఎస్తేరు సీసాను చంటిబిడ్డను ఎత్తుకున్నట్టు చంకలో పెట్టుకుంది. కంబదూరు హైస్కూల్లో చూడటానికి వచ్చిన ఆఫీసరు లావుపాటి మనిషి, నెమ్మదస్తుడు. నా అగ్నిపర్వతం చక్కగా పొంగింది, బల్బు కూడా వెలిగింది. ఆయన తలూపి, "బాగుండాదమ్మా. మన జిల్లాలో యాడుండాది ఇట్లాంటిది?" అన్నాడు. నేను ఇంకో నిమ్మచెక్క పిండాను. ఆయన పక్క బల్లకు పోయాడు.

"ఇదేంది?"

"బోరు సార్. మా నాయన బోరు లారీలో పన్జేస్తాడు. ఒక్కో రాడ్డుకు వచ్చిన మన్ను సార్ ఇది."

ఆయన కళ్ళజోడు సర్దుకుని వంగి చూశాడు. "ఎర్రమన్ను అడుగునుండాదే? భూమినే తిరగేసినావు కదమ్మా!"

చుట్టూ ఉన్నవాళ్ళంతా నవ్వారు. నేనూ నవ్వాను, అందరికంటే ముందు. ఎస్తేరు ఒక్క క్షణం నా వైపు చూసింది. తర్వాత మూత ఇంకో చుట్టు బిగించి, సీసాను రెండు చేతులతో ఎత్తి, తలకిందులుగా బల్ల మీద నిలబెట్టింది. గట్టిగా అదిమిన పొడి ఒక్క గింజ జారలేదు.

"ఇప్పుడు సూడండి సార్," అంది. "బోరోళ్ళు పైమన్ను ముందు తీస్తారు. నేనూ అట్లే పోసినా."

ఆఫీసరు పడీ పడీ నవ్వి, ఆమె వీపు తట్టి, అక్కడికక్కడే పేరు రాసుకున్నాడు. నేను ఇంటికొచ్చి నా కొండను దొడ్లో పడేసి తొక్కాను.

అనంతపురం నుంచి వచ్చిన మర్నాడు ఎస్తేరు బడిలో చెప్పిందే చెప్పింది. మైక్రోస్కోపు ఇంత పొడవుందట, ఉల్లిపొరలో ఇటుకలు నిజంగానే ఉన్నాయట, ఒక్కో ఇటుకలో నీళ్ళు వంకలాగా గలగలా పారుతున్నాయట. నేను పుస్తకంలో తలపెట్టుకుని వినిపించుకోనట్టు నటించాను గానీ, ఒక్క మాట వదల్లేదు. డిగ్రీలో మొదటిసారి నేను కన్ను పెట్టినప్పుడు ఇటుకలు కనిపించాయి, నీళ్ళు కనిపించలేదు. మా కాలేజీది నాసిరకం, ఎస్తేరు చూసిందే అసలైనది అనుకున్నాను. నవ్వుకోండి, బి.ఎడ్. అయ్యి, ఉద్యోగమొచ్చి, ఎన్ని మైక్రోస్కోపులు నా చేతుల మీదుగా పోయినా, పారే నీళ్ళ కోసం వెతుకుతూనే ఉన్నాను. పదో తరగతి అయ్యాక ఆమెకు పెళ్ళి చేసి కదిరి పక్కకు పంపారు. మళ్ళీ చూడలేదు, మొన్నటి దాకా.

మా స్కూలు బోరు శుభ్రమయ్యాక లోపల కెమెరా దించి చూడాలన్నారు. కదిరి నుంచి కెమెరావాళ్ళు వచ్చారు. వ్యానులోంచి తీగ చుట్ట దించుతున్నది మొగుడు, తెర పట్టుకుని మెట్ల మీద కూర్చున్నది పెళ్ళాం. నెరిసిన జుట్టు, ముక్కుకి కళ్ళజోడు. "ఏమ్మే పద్మా, గుర్తుపట్టలేదా?" అంది.

పిల్లలు పట్టుబట్టి ఆ కెమెరాను మా ప్యానెల్‌కి కలిపించారు. గోడంత తెర మీద ఎర్రమన్ను, గరుసు, తెల్లపొర, నల్లరాయి వరుసగా కిందికి దిగుతుంటే, రాతి పగులులోంచి సన్నగా తడి మెరిసేచోటును ఎస్తేరు వేలితో చూపిస్తుంటే, నలభైమంది పిల్లలు తెర మీంచి కళ్ళు తిప్పలేదు. నా పాఠానికి ఏనాడూ అలా కూర్చోలేదు వాళ్ళు. మళ్ళీ అదే మంట, అదే చోట.

భోజనాల గంటకు అందరూ బయటకు పోయాక చెప్పేశాను. "సీసా తలకిందులుండాదని నాకు ఆ పొద్దే తెలుసే. చెప్పలేదు."

"నాకూ తెలుసులే," అంది ఆమె, తీగ తుడుచుకుంటూ. "నువ్వు దేన్నీ వంక పెట్టకుండా బాగుండాదనే మనిషివా? యాడో తప్పుండాదని అప్పుడే అనుకుంటి. ఏందో తెలియక రెండు రాత్రులు నిద్ర పోలేదు. ఆ ఆఫీసరు అన్నాక తెలిసె. నువ్వు నవ్వితివి సూడు, అది మాత్రం మర్చిపోలేదు." గుడ్డ పక్కన పెట్టి, "అందుకే నీకు మండల్లని మైక్రోస్కోపు కత చెప్పినా" అంది.

"కతేంది?"

"నేనాడ సూసిందేముండాదే? పేద్ద లైను. నా ముందర ఇద్దరుండగా బస్సుకు టైమాయెనని సారు పిలుచుకోని వచ్చేసె. బోర్డు మీద బొమ్మ చూసిందే కదా, దానికి నీళ్ళు నేను కలిపినా."

ఆ పెట్టె తాళంచెవి జంధ్యానికి కట్టుకున్న సారు ఇప్పుడు లేరు. నూరడుగులకే తడి తగిలి, ఎరుపూ పసుపూ కుప్పల పక్కన రైతులు గొంతుక్కూర్చునే బోర్లు లేవు. ఇప్పుడు వెయ్యి అడుగులు పోతున్నారు, పైకొచ్చేదంతా ఒకటే బూడిద. ఆ సీసా ఏమైందో ఎస్తేరుకే తెలియదు. ముప్పై అయిదేళ్ళు నేను దేని మీద కుళ్ళుకున్నానో, అది అసలు ఎప్పుడూ జరగనే లేదు.

స్కూలు వంటగదిలోంచి ఉల్లిగడ్డ తెచ్చి, పొర తీసి, గాజుపలక మీద పరిచి, మైక్రోస్కోపు ఆమె ముందు పెట్టాను. ఎస్తేరు కళ్ళజోడు తీసి, కొంగుతో కన్ను తుడుచుకుని, వంగింది. భోజనాలయ్యాయి, పిల్లలు తిరిగొచ్చారు, గంట కొట్టారు. ఆమె లేవలేదు. "అంతసేపు ఏం చూస్తాండాది టీచర్ ఆయమ్మ?" అని, మొన్న ఇంతేనా అన్న పిల్లే వచ్చి నా చెయ్యి లాగింది. ఆమె చూస్తున్నట్టు నేనిక ఎన్నటికీ చూడలేనని కుళ్ళుకుంటూ, ఆ పీరియడంతా ఎస్తేరుకే వదిలేసి గోడకు ఆనుకుని నిలబడ్డాను.