పళ్ళు పీకే రాజ్యం

అశోక్‌నగర్ హాస్టల్లో ఆదివారాలు మాతో పాచికల ఆట ఆడించిన సీనియర్ అన్న ఇప్పటికీ నాకు గిట్టడు. గ్రూప్స్‌కు చదువుతూనే ఆట కోసం ఒక రాజ్యాన్ని కల్పించాడు. కథ అతను నడిపేవాడు, మేం అందులో తలా ఒక పాత్ర వేసేవాళ్ళం, మా ఎత్తు పారిందో లేదో పాచికలు చెప్పేవి. అక్కడ కరువొచ్చినా, అల్లర్లు లేచినా జనం మాంత్రికుల మీదే పడేవాళ్ళు. దొరికినవాళ్ళకు శిక్ష వేసే ముందు అతను చిటికెనవేలి గోటితో పంటి సందు గోక్కుంటూ, "ఊరంతా ఒక్క మాట మీదున్నది" అనేవాడు. ఆ తర్వాత మేం ఏ పాచిక వేసినా చెల్లేది కాదు.

ఒక ఆదివారం ఆటలో నా మంత్రగత్తె దొరికిపోయింది. ఇక మంత్రం చదవలేకుండా ఆమె పళ్ళు పీకించాడు.

"ఏం ఐడియా అన్నా!" అని పక్కవాళ్ళు మురిసిపోయారు.

"ఐడియా ఏంది? మా ఊర్ల చూసిందే. బాణామతి చేస్తున్నదని ఒక ముసల్దాన్ని పట్టుకున్నరు. పట్కారు మా ఇంట్లదే. ఉరికిపోయి నేనే తెచ్చిచ్చిన."

"ఇంతకూ ఆమె ఏం చేసిందన్నా?" అని అడిగాను.

"ఏమో. ఊరంతా ఒక్క మాట మీదున్నది," అని మళ్ళీ పంటి సందు గోక్కున్నాడు. "జర ఆట కానియ్యిన్రి."

నేను లేచి వచ్చేశాను. ఆ నెలలోనే చిక్కడపల్లిలో వేరే గదికి మారాను.

మొన్న నారాయణగూడ చౌరస్తాలో ఒక కోచింగ్ సెంటర్ ఫ్లెక్సీ మీద అతని ఫోటో కనిపించింది. ఉద్యోగం వచ్చిందట, ఏదో మండలానికి ఆఫీసరుగా పోతాడు. పళ్ళన్నీ కనిపించేలా నవ్వుతున్నాడు.