కరెంటు పోని ఊళ్లో కొవ్వొత్తులు

మస్కట్‌లో కరెంటు పోదు. రూవిలో నా కిరాణా కొట్టులో కొవ్వొత్తులు పుట్టినరోజు కేకుల కోసం తప్ప అమ్ముడుపోవు. అందుకే ప్రతి గురువారం రెండు తెల్ల కొవ్వొత్తులు, ఒక ద్రాక్షరసం సీసా కొనే ఆవిడ నాకు బాగా గుర్తుండిపోయింది.

జగిత్యాలలో మా నాన్న, చిన్నాన్నలు, మేనమామ అందరూ దుకాణదారులే. సంచిలోకి తొంగిచూసి ఆ ఇంట్లో పెళ్లి ఉందో జ్వరం ఉందో చెప్పేయడం మా వంశానికి ఉన్న జబ్బు. చూసింది పైకి అనకపోవడం మా నాన్న తిట్టి నేర్పిన మందు. కాబట్టి మూడేళ్లు ఆ కొవ్వొత్తుల సంగతి అడగలేదు. ఒక మధ్యాహ్నం కొట్టులో ఎవరూ లేనప్పుడు ఆవిడే హిందీలో చెప్పింది. వాళ్లది థానే. మరాఠీవాళ్లు, యూదులు. కొవ్వొత్తులు శుక్రవారం సాయంత్రం వెలిగించడానికట. భర్త ఆసుపత్రి ల్యాబ్‌లో పని. తొమ్మిదేళ్ల కూతురు.

"ఇక్కడ మాకు బడి లేదు, గుడి లేదు దీదీ. ఇలాంటి ఊళ్లలో ఉన్న పిల్లలకి హీబ్రూ, పండగలు, పాటలు ఫోన్‌లో నేర్పే టీచరమ్మ ఒకావిడ దొరికింది. మన వేళకి క్లాసు పెట్టాలంటే కనీసం ఇద్దరు పిల్లలు కావాలంది. వచ్చే నెల మొదటి ఆదివారం పొద్దుటికల్లా చెప్పాలి. రెండో పిల్లని ఎక్కణ్నుంచి తేను? మా అమ్మాయి రోజూ అడుగుతుంది, ప్రపంచంలో మనం ముగ్గురమేనా అని."

ఆవిడ వెళ్లాక ఆ ప్రశ్న కొట్టులోనే ఉండిపోయింది. పక్క షాపు సాంబ్రాణి పొగ లోపలికి వచ్చి పప్పు డబ్బాల మీద తేలుతుంటే, ఆ పొగలోంచి వచ్చినట్టు ఇంకో మనిషి గుర్తొచ్చింది. ఇక్కణ్నుంచి మూడు గంటల దూరం సోహార్‌లో ఉండే గుంటూరు వైపు ఆవిడ. భర్తకి స్టీలు ఫ్యాక్టరీలో డ్యూటీ. రెండు నెలలకోసారి వచ్చి కొవ్వొత్తులు పెట్టెకు పెట్టె తీసుకుంటుంది. ప్రతి బిస్కెట్ ప్యాకెట్టూ తిప్పి, వెనక రాసిందంతా చదువుతుంది. తినకూడనిది ఏమైనా కలిసిందేమోనని చూస్తోందని నాకప్పుడు తట్టలేదు. ధర తగ్గించడానికి లోపం వెతుకుతోందనుకుని, ఆవిడ నోరు తెరవకముందే నేనే తగ్గించేసేదాన్ని. అంత తెలివైనదాన్ని.

థానే ఆవిడ అనుమతి తీసుకున్నాకే సోహార్‌కి ఫోన్ చేశాను. మా ఆయన అటుకుల బస్తా విప్పుతూ, "వాళ్లెవరో ఏందో, నీకెందుకే గీ పంచాయితీ?" అన్నాడు. చేత్తో ఆగమన్నాను.

"అమ్మా, ఒక్క మాట. కొవ్వొత్తులు శుక్రవారం వెలిగిస్తారా?"

"ఎవరు చెప్పారండీ మీకు?"

"ఎవరూ చెప్పలేదు. మా సందులో ఇంకొకరు వెలిగిస్తారు. వాళ్లకో పాప ఉంది."

"మాకూ ఉందండీ. పదేళ్లు."

"అయితే శుక్రవారం నాలుగింటికి రండి." గడువుకి ముందు మిగిలిన శుక్రవారం అదొక్కటే.

ఆవిడ ఆగింది. బేరంలో అవతలివాళ్లు ఆగితే మనం నోరు తెరవకూడదు, తెరిస్తే నష్టం మనదే. నేను తెరవలేదు.

"శుక్రవారం, నాలుగింటికే అంటారా?"

"నాలుగింటికే."

"సరేనండీ. అలాగే వస్తాం."

నెగ్గాననుకున్నాను. నా లెక్కల్లా ఒక్కటే. జుమ్మా నమాజుకి మూసిన కొట్టు నాలుగింటికి తెరుస్తాను. పిల్లలు ఒక గంట కలుసుకుంటారు, ఆవిడ నాలుగు సరుకులు కొంటుంది, ఎనిమిదింటికల్లా సోహార్ చేరతారు.

శుక్రవారం వచ్చింది. చలికాలపు ఎండ బెల్లం పాకంలా రూవి కొండల మీద నుంచి జారుతోంది. కారు ఆగింది. అందులోంచి ముందు ఒక సూట్‌కేసు దిగింది. తర్వాత నాలుగు దిండ్లు. ఆ తర్వాత గుడ్డలో చుట్టిన, జడలా అల్లిన రొట్టె. కూతురితో నా పక్కన నిలబడ్డ థానే ఆవిడ దిండ్లను చూసి నన్ను చూసింది.

"దీదీ, వీళ్లు ఉంటారా?"

గుంటూరు ఆవిడకి హిందీ రాదు, కానీ ప్రశ్న అర్థమైంది. "పొద్దుగూకితే మా విశ్రాంతి దినం మొదలు, మేం బండెక్కం కదండీ," అంది నాతో. "రేపు చుక్కలు పొడిచేదాకా ప్రయాణం లేదు. అది తెలిసినవాళ్లే శుక్రవారం నాలుగింటికి రమ్మంటారు. ఎంత పద్ధతిగా పిలిచారో అని మా ఆయన దారంతా అదే మాట."

అంత గౌరవం అంత చవగ్గా నాకెప్పుడూ దొరకలేదు. వదులుకోలేకపోయాను. తలూపి, థానే ఆవిడతో హిందీలో "ఉంటారు" అన్నాను. పాపం ఆవిడ చేసి పెట్టింది టీ, అటుకుల ఉప్మా. సూర్యుడు గంటలో దిగిపోతాడు, ఆ తర్వాత పొయ్యి వెలిగించరు, ఒక్క నిమిషం బేరం కుదరదు. బియ్యం, బంగాళదుంపలు సంచిలో పోసుకుని ఆవిడ వెనకే వాళ్లింటి మెట్లెక్కాను. ముగ్గురు ఆడవాళ్లం కలిసి తరిగాం.

ఇద్దరు ఆడపిల్లలూ చెరో గోడకి ఆనుకుని నిలబడ్డారు. చాలాసేపటికి చిన్నది, థానే ఆవిడ కూతురు, ఇంగ్లీషులో అడిగింది, "మీ ఇంట్లో ఎంతమంది?"

"నలుగురం. తమ్ముడితో కలిపి."

చిన్నది వేళ్లు ముడిచి లెక్కపెట్టుకుంది. "అయితే ఏడుగురం."

నా కొట్టు కొవ్వొత్తులు నాలుగు వరుసగా వెలిగాయి. మాట్లాడుకోవడానికి ఒక భాష లేని ఆ ఇద్దరు తల్లులూ చేతులతో కళ్లు మూసుకుని ఒకే మాటలు పలికారు. నేను గుమ్మంలో ఉన్నాను. ఆ వెలుగులో గది మెల్లగా ఊరు వదిలి ఎక్కడికో వెళ్తున్నట్టు, నేను ఒడ్డున నిలబడి చూస్తున్నట్టు అనిపించింది. కిందికి దిగేటప్పుడు నా చేతిలో థానే ఆవిడ ఫోను ఉంది; వెలిగించే ముందే ఆపేసి ఇచ్చేసింది. "ఇంట్లో ఉంటే చెయ్యి దాని మీదికే పోతుంది, దీదీ. రేపు తీసుకుంటా."

శనివారం చీకటి పడే వేళకి అందరూ కొట్టు ముందుకు దిగివచ్చారు. నాలుగు గంటలన్నది కొట్టు తెరిచే వేళ మాత్రమేనని చెప్పేద్దామనుకున్నాను. పిల్లలిద్దరూ చేతులు పట్టుకుని, మేడల మధ్య సన్నటి ఆకాశంలో చుక్కలు వెతుకుతున్నారు. మూడు కనబడితే విశ్రాంతి దినం అయిపోయినట్టు.

"ఒకటి. రెండు." అంతే. మూడోది లేదు.

ఇద్దరూ తిరిగి నా కొట్టు బోర్డు వైపు చూశారు. ఎర్ర, పచ్చ లైట్లు, సందు మొత్తంలో పెద్ద బోర్డు. గిరాకీ వేళలో నేనెన్నడూ ఆర్పలేదు. ఆర్పాను.

లోపలి నుంచి మా ఆయన, "ఏందే, కరెంటు వోయిందా?"

"మూడు," అంది చిన్నది.

సొరుగులోంచి ఫోను తీసి వాళ్లమ్మకి ఇచ్చాను. ఆవిడ దాన్ని వెలిగించి, టీచరమ్మకి రెండు పేర్లు రాసింది. చెప్పాలనుకున్నది నేను చెప్పలేదు.