వేలి మీద తొంభై ఏడు

మా మేస్త్రి మావయ్య మొన్న మంగళవారం పోయారు. బందరులో కవరింగ్ నగల పని నాకు నేర్పిన మనిషి. ఊపిరి అందక పోయారు. "పెద్ద జబ్బేగా, ఎన్నాళ్లుంటాడు" అన్నవాళ్లున్నారు. వాళ్లూ చదవాలనే రాస్తున్నాను.

జబ్బు పేరు మల్టిపుల్ స్క్లిరోసిస్. నరాల మీద పొరని తినేస్తుంది. ముందు కాలు ఈడ్చారు. తాగొచ్చాడన్నారు వీధిలో. జన్మలో చుక్క ముట్టని మనిషిని!

మా పనిలో దీపం ముందు కూచుని, ఊదుగొట్టంతో మంటని వంచి అతుకు వేస్తాం. ఆయన ఒక్క ఊపిరితో జుంకా అతికేవారు. నేను బుగ్గలు పొంగించి ఊదితే, "ఏరా అల్లుడూ, సన్నాయి ఊదుతున్నావా? పెళ్లెవరికిరా?" అని నవ్వేవారు. "తొందరపడి ఊదితే ఇవాళ అతుక్కుంటుంది, రేపు ఎవరి చెవి నుంచో ఊడిపడుతుంది" అనేవారు. నేను చెడగొట్టిన సరుకుని తన చేతి తప్పని ఓనరుకి చెప్పుకునేవారు.

పోయినేడు అదే జుంకాకి మూడు ఊపిరులు పట్టాయి. నాకు భయమేసి, వేలికి పెట్టే ఆక్సిజన్ మిషన్ కొనుక్కొచ్చాను. తొంభై ఏడు చూపించింది.

"చూశారా, నాకన్నా మీకే ఎక్కువ!"

"మంట వంగట్లేదురా."

"మంటదేముంది మావయ్యా? మిషన్ అబద్ధం చెబుతుందా?"

డాక్టరు గారు కూడా ఆ అంకె చూసే పంపేశారు.

ఏడో తరగతితో బడి మానేసినవాణ్ణి. ఆయన పోయాక ఫోన్లో ఒక్కో ఇంగ్లీషు ముక్కకీ అర్థం వెతుక్కుని చదివాను. ఈ జబ్బులో ఊపిరి తీసే కండరాలు నీరసించినా, వేలి మీద అంకె చాన్నాళ్లు బాగానే ఉండొచ్చట. మనిషి ఎంత గట్టిగా పీల్చగలడో, ఊదగలడో కొలవాలట. ఆ కండరాలకి కసరత్తు ఇస్తే లాభముంటుందా అని పరిశోధనలూ జరుగుతున్నాయట. ఎక్కడో! ఇక్కడ ఒక మనిషి రోజూ దీపం ముందు కూచుని ఆ పరీక్షే రాశాడు. దిద్దడానికి పక్కన నేనొక్కణ్ణే ఉన్నాను. నేను మిషన్ని నమ్మాను.

ఆ మంగళవారం విజయవాడ తీసుకెళ్తుంటే అంబులెన్సులో ఆయనకి మాట రాలేదు. అరచెయ్యి తెచ్చి నా రొమ్ము మీద ఆనించారు. నేను పీలిస్తే తనూ పీలుస్తున్నారు. నా ఊపిరి వెంట రావాలని చూస్తున్నారని అర్థమై, నెమ్మదిగా, లోతుగా పీల్చడం మొదలుపెట్టాను. పామర్రు దాటేసరికి నేనొక్కణ్ణే పీలుస్తున్నాను. ఆ చెయ్యి మాత్రం నా రొమ్ముతో పాటు లేస్తూ, దిగుతూ ఉంది.