పొగకిచ్చిన గడువు

నిన్న పొద్దున హైదరాబాదులో, మా కాలుష్య నియంత్రణ కార్యాలయం గేటు దగ్గర కాపలావాళ్లు చలికి పాత టైరు ముక్కలు కాలుస్తున్నారు. కారు అద్దం దించగానే ఆ వాసన గొంతులో పడింది. కర్బన ఉద్గారాలను ఏ ఏటికి ఎంత తగ్గించాలన్న చర్చకు వెళ్తున్నాను. మెట్లెక్కుతున్నంతసేపూ కాత్యాయని గారే గుర్తొచ్చారు.

తొంభైల చివర్లో నంద్యాలలో నా మొదటి ఉద్యోగం. ఫ్యాక్టరీల పొగ, మురుగునీరు తనిఖీ చేసే చిన్న కార్యాలయం మాది; ఆమె మా అధికారి. ఆళ్లగడ్డ వైపు పల్లెలో పుట్టిన మనిషి. యాభై దాటిన వయసు, నూలుచీర, ఎవరినైనా సూటిగా చూసే కళ్లు. మొదటి తనిఖీలో నేను ముక్కుకు చేతిరుమాలు అడ్డం పెట్టుకుంటే, "తియ్యి పాపా. మనం ముక్కు మూసుకుంటే వాళ్లు మనతో మాట్లాడరు" అన్నారు.

ఎండలు ముదురుతున్న రోజుల్లో ఆళ్లగడ్డ దాటాక ఉన్న ఒక సున్నపు బట్టీకి వెళ్లాం. సున్నపురాయి కాల్చడానికి బొగ్గుకు బదులు పాత టైర్లు వేస్తున్నారు. నల్లటి పొగ నేలబారుగా పాకి కూలీల గుడిసెల్లోకి పోతోంది. బట్టీ మూయించే ఉత్తర్వు ఆమె సంచిలో సిద్ధంగా ఉంది. అప్పుడు హుసేన్‌బీ అనే కూలీ ఎదురొచ్చింది. వెనక ఆమె భర్త మౌలాలి దగ్గుతూ, గోడకు చెయ్యి ఆనించి నిలబడ్డాడు.

"అమ్మా, మూసేస్తే మేం యాడికి పోవాల? పొగైతే ఏమి, ఈడ కూలి దొరుకుతాంది. వానలు పడేదాకన్నా ఆగండి."

కాత్యాయని గారు ఆ ఉత్తర్వును సంచిలోంచి బయటికి తీయలేదు. యజమానిని పిలిచి, వానాకాలానికల్లా టైర్లు మానాలని, ఎత్తయిన పొగగొట్టం కట్టాలని గడువిచ్చారు. అతను చేతులు జోడించి ఒప్పుకున్నాడు. తిరిగొస్తూ జీపులో అన్నారు: "గాలీ బాగుండాల, వీళ్ల కడుపూ నిండాల. ఒకటే తీసుకోమంటే నేనెట్ల తీసుకునేది?"

వానలు మొదలయ్యాక మళ్లీ వెళ్లాం. పొగగొట్టానికి ఒక్క ఇటుకా పేర్చలేదు. టైర్ల కుప్ప అలాగే ఉంది. మౌలాలి లేడు. ఊపిరాడక, ఆసుపత్రికి తీసుకెళ్లే దారిలోనే పోయాడట. మమ్మల్ని చూసి హుసేన్‌బీ ఏడవలేదు. తప్పు చేసినదానిలా తల దించుకుని, "ఆపొద్దని నేనే కదమ్మా అడిగింది" అంది.

"అడిగింది నువ్వు. ఇచ్చింది నేను" అన్నారు కాత్యాయని గారు. ఆమె గొంతు అంతగా తగ్గిపోవడం నేనెప్పుడూ వినలేదు.

ఆ మధ్యాహ్నమే బట్టీకి సీలు వేయించారు. అక్కడితో వదల్లేదు. నంద్యాలలోని విత్తనాల గోదాములు తిరిగి కూలీలకు పని అడిగారు. కొందరికి దొరికింది, కొందరు మూటలు కట్టుకుని వలస పోయారు. హుసేన్‌బీ గోదాములో చేరింది. దారిలో ఎదురైతే ఆమె, కాత్యాయని గారు పలకరించుకునేవారు. మౌలాలి పేరు మాత్రం ఎత్తేవారు కాదు. ఒకసారి నేను ఓదార్చబోయి, "మీరు మంచికే కదా మేడం గడువిచ్చారు" అన్నాను.

"మంచికే ఇచ్చినాలే. ఆ గడువంతా పొగ పీల్చింది నేను కాదు కదా పాపా."

రెండువేల దశకం మధ్యలో పదవీ విరమణ చేసి, కొన్నేళ్లకే ఆమె పోయారు.

నిన్నటి చర్చలో ఒక పాత బొగ్గు విద్యుత్కేంద్రాన్ని మరికొంతకాలం నడవనిద్దామన్న మాట వచ్చింది. చెప్పిన కారణాలు సబబైనవే. ఉద్యోగాలు పోతాయన్నదీ నిజమే. నేను కాదనలేదు. అక్కడి పనివాళ్లను, చుట్టుపక్కల ఇళ్లవాళ్లను కలిసి మాట్లాడేదాకా ఆ అనుమతి మీద సంతకం పెట్టలేనన్నాను. గదిలో ఎవరికీ నచ్చలేదు. సోమవారం అక్కడికి బయలుదేరుతున్నాం.