ముందు బ్రేకుకు ఆకుపచ్చ దారం

ఆ సైకిల్ నా భార్యది. పెళ్లికి ముందు ఆమె దాని మీద ఖమ్మం నుంచి సముద్రం దాకా తొక్కుకుంటూ పోయింది. అదే దూరం బస్సులో పోయి రెండుసార్లు వాంతి చేసుకున్నవాణ్ణి నేను. సన్న టైర్లు, పొట్టేలు కొమ్ముల్లా వంగిన హ్యాండిల్, వెనక సామాను కట్టే క్యారేజీ. తారురోడ్డు మీద దానికి ఎదురులేదు. కానీ నర్సుగా ఆమెకు భద్రాచలం అడవి అంచు ఊళ్లకు బదిలీ అయింది. బస్సు దిగాక అంతా కంకర రోడ్డే.

"స్కూటీ ఉంది గదా" అన్నాను.

"ఇంట్ల అన్నం ఉంది గదా, నీకు బజ్జీల బండి కాడ ఏం పని?" అంది.

సైకిల్‌ను మా ఊరి సైకిల్ దుకాణం చాచా దగ్గరికి తీసుకుపోయాను. చాచా తాత కూడా సైకిళ్లు బాగుచేసినవాడే. మడ్‌గార్డులు తీసేశాడు, కొంచెం చిన్న చక్రాలకు లావు టైర్లు ఎక్కించాడు. చక్రం చిన్నదైతే పాత బ్రేకు రబ్బరు రిమ్ముకు అందదట. ఎక్కడెక్కడో వెతికి పొడుగు చేతుల బ్రేకులు తెచ్చాడు.

"శనివారం పొద్దుమూకి తీస్కపో బేటా" అన్నాడు.

నాకేమో సాయంత్రం దాకా ఆగదు. శనివారం పొద్దున్నే మొదటి సవారీ అని ఇంట్లో డప్పు కొట్టేశాను. శుక్రవారం మధ్యాహ్నం కాలుగాలిన పిల్లిలా పోయి చూస్తే దుకాణం మూసి ఉంది. నమాజు తర్వాత చాచా ఆ రోజు మళ్లీ తెరవడు. సైకిల్ మాత్రం పక్క టీకొట్టు పందిరి కింద నిలబడి ఉంది. ముందు బ్రేకు తీగను పట్టి ఉంచే నట్టుకు ఆకుపచ్చ దారం ముడివేసి ఉంది.

దర్గా దారం! మా ఊళ్లో పిల్లకు జ్వరమొస్తే గుడికి పోయినట్టే దర్గాకూ పోతాం, దారం కట్టించుకొస్తాం. పరాయి ఇంటి ఆడబిడ్డ అడవి దారిన పోతోందని ఈ ముసలాయనకు ఎంత ప్రేమ అనుకున్నాను. నిజంగానే కళ్లలో నీళ్లు తిరిగాయి. దారాన్ని కళ్లకద్దుకుని, టీకొట్టాయనకు చెప్పి తెచ్చేశాను. ఇంట్లో ఆమె దాన్ని విప్పబోతే కసిరాను కూడా.

"ముట్టకు! అది పెద్దమనిషి దువా."

శనివారం పొద్దున సైకిల్‌ను ట్రాలీ ఆటోలో కంకర రోడ్డు మొదలయ్యే చోటికి చేర్చాం. ఆమె ముందు, నేను మోటార్‌సైకిల్ మీద వెనక. మొదటి మూడు కిలోమీటర్లు చదును, బ్రేకుతో పనే పడలేదు. లావు టైర్లు రాళ్ల మీద మెత్తగా పోతుంటే ఆమె పెద్దగా నవ్వింది. ఆ తర్వాత వాలు. దాని అడుగున మలుపు, మలుపులో పిట్టగోడ లేని కల్వర్టు, కింద వాగు నిండా బండలు. పైన ఆగి నేను మొహం తుడుచుకుంటుంటే ఫోన్ మోగింది.

"సైకిల్ తీస్కపోయినవంట. దారం ఇప్పినవా?" చాచా ఆత్రంగా అడిగాడు.

"లేదు చాచా, గట్లనే ఉంచిన. మీ దువా..."

"దువా ఏంది! గా నట్టు ఉత్త చేత్తోని తిప్పిన, పానా పెట్టలే! బిగియ్యని దానికి దారం కడ్త. బిగించినంక నేనే ఇప్పుత. దిగమను, జల్దీ దిగమను!"

ఆమె అప్పటికే సగం వాలు దిగింది.

బండిని దూకించి హారన్ కొట్టాను. నేను పోటీకి వస్తున్నాననుకుంది కాబోలు, చెయ్యి ఊపి ఇంకా ముందుకు వంగింది. ఓరి దేవుడా! ఆగమని అరుద్దామనుకున్నాను. కానీ ఆగమంటే ఆ బ్రేకే పట్టుకుంటుంది. అనకపోతే మలుపులో ఎలాగూ పట్టుకుంటుంది.

"ముందుది పట్టకు! ఎనకది, ఎనకదే!" అని గొంతు చించుకున్నాను. దుమ్ములో ఏం వినపడిందో ఏమో.

మలుపు ముందు ఆమె రెండు బ్రేకులూ పట్టింది. ముందు తీగ పట్టు తప్పి టప్పున లేచింది. వెనక చక్రం బిగుసుకుని అటూ ఇటూ జారింది. ఎదురుగా కల్వర్టు. పక్కన రోడ్డు పనికి పోసిన కంకర కుప్ప. ఆమె హ్యాండిల్‌ను కుప్ప వైపు తిప్పేసింది.

బండిని ఎక్కడ పడేశానో తెలియదు. మోచెయ్యి చెక్కుకుపోయి, నోట్లో మట్టితో ఆమె లేచి కూర్చుంది. ఆమె కాళ్లు పట్టుకుని ఏడ్చాను. నా తొందర, చాచా మాట అన్నీ ఒప్పుకున్నాను. ఆమె మట్టి ఉమ్మేసి, పోయి సైకిల్‌ను లేపింది. తిట్టి ఉంటే బాగుండేది.

సాయంత్రం దుకాణంలో చాచా ఆమె మోచేతిని చూశాడు, నన్ను చూశాడు.

"దువా కట్టాల్నంటే మనిషికి కడ్త బేటా. నట్టుకు కట్టిన్నంటే పని కాలేదని."

పానాతో నట్టు బిగించి, దారం విప్పి పక్కన పెట్టాడు. ఆమె ఆ దారం తీసుకుని నా మణికట్టుకు కట్టింది, గట్టిగా, రెండు ముళ్లు.

"నేనే ఇప్పుత" అంది.

ఇప్పటికి దారం రంగు వెలిసిపోయింది. ఆమె డ్యూటీకి బయలుదేరే ముందు రోజూ ముందు బ్రేకు పట్టి చూస్తాను. ఆమె గుమ్మంలో నిలబడి ఓపిగ్గా ఆగుతుంది, దారం మాత్రం విప్పదు.